అప్‌డేట్: గృహప్రవేశానికి మామిడాకుల తోరణం
గృహప్రవేశానికి ప్లాస్టిక్ పూలు వద్దనుకున్నాను, కానీ మామిడాకులు త్వరగా వాడిపోతాయేమో అని టెన్షన్ పడుతూ అడిగాను కదా. మొన్న వేడుక బాగా జరిగింది. మీరు చెప్పినట్టే లేత చిగుళ్లు వదిలేసి ముదురాకులే కోయించాం. కడిగి, రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచి, తెల్లవారుజామున కట్టాం. మా అత్తయ్య ఒక్కో ఆకునూ తొడిమ దగ్గర పురికొస మీదుగా మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చారు. స్టేప్లర్ అవసరమే రాలేదు! మర్నాటికి అంచులు కాస్త ముడుచుకున్నాయి గానీ పచ్చదనం పోలేదు. గుమ్మానికి అటూ ఇటూ తడి ఇసుక బకెట్లలో పెట్టిన అరటి పిలకలు మూడో రోజు కూడా నిటారుగానే ఉన్నాయి. ఆకులన్నీ ఇప్పుడు కరివేపాకు చెట్టు పక్కన ఎరువు గోతిలో వేశాను. కొన్ని బంతిపూలు విత్తనాల కోసం ఎండబెడుతున్నాను. అందరికీ చాలా థాంక్స్.