రిస్డిప్లామ్ వైజాగ్‌లో ఎలా తెప్పించుకుంటున్నారు? వాడుతున్నవాళ్లు చెప్పండి

గాజువాక అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగేళ్లు, బరువు 12 కిలోలు. ఎస్‌ఎంఏ టైప్ 2, అంటే కండరాలు రానురాను బలహీనపడే జన్యు జబ్బు. కూర్చుంటాడు, నిలబడలేడు. రెండేళ్ల క్రితం జబ్బు పేరు చెప్పిన రోజే మందు ఉందనీ, సీసా ఆరు లక్షలనీ కూడా చెప్పారు. ఆటోలో ఇంటికి వస్తూ మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు డాక్టరుగారు మళ్లీ పిలిచి, మన దేశంలో తయారైనది వచ్చిందని రిస్డిప్లామ్ రాశారు. మా వీధిలో మూడు మందుల షాపులు తిరిగాను, ఎవరూ పేరే వినలేదన్నారు. ఎక్కడ దొరుకుతుంది, ఏడాదికి ఎంతవుతుంది, ఇంట్లో ఎలా పెట్టుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

మధురవాడ నాన్న:
అమ్మా, షాపులు తిరగకండి. ఇలాంటి మందు కౌంటర్లో పెట్టుకుని అమ్మరు. డాక్టరుగారి చీటీ, బాబు జీన్ రిపోర్టు పట్టుకుని నేరుగా ఆ మందు తయారుచేసే నాట్కో కంపెనీకే ఫోన్ చేయండి. మేం అలాగే చేశాం. నాట్కోవాళ్లది సీసా ఎమ్మార్పీ 15,900. ఇబ్బందిలో ఉన్నవాళ్లకి తగ్గించి ఇస్తామని కంపెనీ మొదట్లోనే ప్రకటించింది కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

మీ లెక్క వేసి చూశాను. రెండేళ్లు దాటి 20 కిలోల లోపు ఉన్న పిల్లలకి కిలోకి పావు మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. అంటే మీ బాబుకి రోజుకి 3 మిల్లీగ్రాములు, మందు 4 మి.లీ. సీసాలో 60 మిల్లీగ్రాములుంటుంది, 20 రోజులొస్తుంది. ఏడాదికి 19 సీసాలు, సుమారు మూడు లక్షలు. మా పాప 20 కిలోలు దాటింది, రోజుకి 5 మిల్లీగ్రాములు, మాకు సీసా 12 రోజులే. డోసు మాత్రం డాక్టరుగారు రాసిందే ఫైనల్.

మందు పొడిగా వస్తుంది. ఫార్మసిస్టు నీళ్లు కలిపి ఇవ్వాలి, మనం ఇంట్లో కలపకూడదు. కలిపిన దగ్గర్నుంచి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, 2 నుంచి 8 డిగ్రీలు. నేను సీసా మీద కలిపిన తేదీ మార్కర్‌తో రాసి మధ్య అరలో, వెనక్కి పెడతాను. తలుపు అరలో వద్దు, తీసి మూసినప్పుడల్లా వేడి గాలి తగులుతుంది. రోజూ ఒకే వేళకి ఇవ్వాలి. సిరంజిలోకి లాగాక వెలుతురుకి ఎత్తి చూడండి. బుడగ ఉంటే వెనక్కి తోసి మళ్లీ లాగాలి, లేకపోతే డోసు తగ్గిపోతుంది. లాగిన ఐదు నిమిషాల్లోపు తాగించేయాలి, ఆ వెంటనే నీళ్లు తాగించాలి. పాలల్లో కలపకండి.

పరవాడ ఉద్యోగి:
ఫార్మాసిటీలో ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆరు లక్షల మందు పదహారు వేలకి వస్తే నాసిరకం కాదా అని మా చుట్టాలే అడిగారు. కాదండి. ఇది రసాయనంతో తయారయ్యే మందు, మిగతా మందుల్లాగే రియాక్టర్లలో చేస్తారు. పాత ధరకి అసలు కారణం పేటెంటు, అంటే ఒక్క కంపెనీకే ఉండే హక్కు, దాంతోపాటు రోగులు కొద్దిమందే ఉండటం. ఆ పాత ధరకి అమ్మే రోష్ కంపెనీ నాట్కోని ఆపమని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2025 మార్చిలో సింగిల్ జడ్జి ఒప్పుకోలేదు, అక్టోబరు 9న ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ కూడా ఒప్పుకోలేదు. అదే నెల 17న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అంతకుముందు 2012లో సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందుకి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్నా వేరేవాళ్లు తయారుచేయొచ్చనే ప్రభుత్వ అనుమతి, ఇచ్చినప్పుడు నెలకి 2.8 లక్షలున్నది 8,800కి దిగింది. అప్పుడు కూడా తయారుచేసింది నాట్కోయే, దారి మాత్రం వేరు.

కానీ అన్ని మందుల ధరలూ ఇలా దిగవు. గాషే, పాంపే అనే అరుదైన జబ్బులకి ఇచ్చే ఎంజైములని జీవకణాల్లో పెంచి తీయాలి, వాటికి నకలు చేయడం చాలా కష్టం. ఆ పిల్లల తల్లిదండ్రులు ఇది చదివి ఎవరో తమని మోసం చేస్తున్నారనుకోకూడదని చెబుతున్నాను.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి రిస్డిప్లామ్ మీద జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే అడగండి. మేం తయారుచేసి డ్రమ్ముల్లో పంపే మందులు ఏ ఇంటికి చేరతాయో మాకు తెలియదు. మీ పోస్టు మా షిఫ్టులో అందరికీ చదివి వినిపించాను అమ్మా.

పెదవాల్తేరు అక్క:
మాది వేరే జబ్బు, హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టదు. ఫ్రిజ్ గురించి మాత్రం చెప్పాలి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12న మా ఫ్రిజ్‌లో ఆ జబ్బుకిచ్చే ఫ్యాక్టర్ 8 మందు వయల్స్ నాలుగు ఉన్నాయి. మా వీధిలో ఎనిమిది రోజులు కరెంటు లేదు. రోడ్డు మీద పడిన చెట్లు దాటుకుంటూ మా ఆయన ఫిషింగ్ హార్బర్ దాకా నడిచి వెళ్లారు. అక్కడ ఐసు దిమ్మ మిగిలిన ఒకాయన, పిల్లాడి మందుకని చెబితే ఊకలో చుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. వయల్స్ టవల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఐసు మీద ఉంచాను. మందు నేరుగా ఐసుకి తగిలి గడ్డకడితే పనికిరాదు. ఇప్పటికీ తుఫాను హెచ్చరిక రాగానే ఐస్ ప్యాకులు గడ్డకట్టించి పెట్టుకుంటాను. మీరూ ఒక మంచి ఐస్ బాక్స్ కొనుక్కోండి.

సీతమ్మధార తమ్ముడు:
మన దేశంలో అమ్మకానికే లేని మందు కావలసినవాళ్ల కోసం రాస్తున్నాను. మా అక్కకి అలాంటిదే రాశారు. ఒక ఏజెంటు నలభై వేలు తీసుకుని నాలుగు నెలలు తిప్పించాడు, మందు రాలేదు. తర్వాత తెలిసింది, రోగి పేరు మీద మనమే అడగొచ్చు. డాక్టరు చీటీతో ఫారం 12ఎ పెడితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 12బి అనుమతి ఇస్తుంది. మామూలుగా ఒకసారికి వంద డోసులు మించకూడదు. కేంద్రం జాబితాలో ఉన్న అరుదైన వ్యాధి అయితే సొంత వాడకానికి తెప్పించుకునే మందు మీద 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం కూడా లేదు.

ఎస్‌ఎంఏ కూడా ఆ జాబితాలో ఉంది. అమ్మా, అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద 50 లక్షల వరకు సాయం ఉంది. డబ్బు మన చేతికి రాదు, గుర్తించిన ఆసుపత్రికే వెళ్తుంది. మనకి దగ్గర్లో అంటే హైదరాబాద్ నిమ్స్. మందు మొదలుపెట్టేశాం కదా అని ఆ దరఖాస్తు మానేయకండి. మేం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మూడుసార్లు వెళ్లాం. ప్రతి రిపోర్టూ రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి.

గాజువాక అమ్మ:
అందరికీ దండాలు. మూడు వారాలయింది కాబట్టి జరిగింది చెబుతున్నాను. కంపెనీవాళ్లు జీన్ రిపోర్టు, చీటీ, ఆదాయం కాగితం అడిగారు. తొమ్మిదో రోజు మందు వచ్చింది, డాక్టరుగారి ఆసుపత్రి ఫార్మసీలో కలిపి ఇచ్చారు. మొదటి రోజు నా చెయ్యి వణికి రెండుసార్లు బుడగ వచ్చింది, మధురవాడ అన్నయ్యగారు చెప్పినట్టు వెనక్కి తోసి మళ్లీ లాగాను. బాబు తాగేసి సిరంజి తనకే ఇమ్మన్నాడు. ఇప్పుడు రోజూ వాడే పట్టుకుంటాడు, నేను వెనక నుంచి నొక్కుతాను. తేడా తెలియడానికి నెలలు పడుతుందని, ముందు ఉన్న బలం తగ్గకుండా చూడటమే ముఖ్యమని డాక్టరుగారు చెప్పారు. ఫిజియోథెరపీ ఆపలేదు. నిమ్స్‌కి వచ్చే నెల వెళ్తున్నాం.

ఐస్ బాక్సులు రెండు కొన్నాం. తుఫానప్పుడు గాజువాక వైపు ఎవరికైనా అవసరమైతే ఇక్కడ ఒక్క మాట రాయండి, రెండోది మీకోసం ఉంచుతాను.