లవంగం సిగరెట్ల తీర్పు మన ఈ-సిగరెట్ల నిషేధానికి వర్తిస్తుందా?

న్యాయశాస్త్రం చదువుతున్నాను. వ్యాసం రాస్తూ ఒకచోట చిక్కుకుపోయాను, తెలిసినవారు చెప్పగలరు.

అమెరికా 2009లో లవంగం వంటి రుచులు కలిపిన సిగరెట్లను నిషేధించి, మెంథాల్‌ను మాత్రం వదిలేసింది. లవంగం సిగరెట్లు ఎక్కువగా ఇండోనేషియావి, మెంథాల్‌వి దాదాపు అన్నీ అమెరికావే! ఈ రెండూ ఒకే తరహా వస్తువులని, అయినా తమ సిగరెట్లపై వివక్ష చూపారని ఇండోనేషియా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2012లో అప్పీలులోనూ గెలిచింది. అదే ఇండోనేషియా ఆస్ట్రేలియా సాదా ప్యాకెట్ల చట్టంపై (బ్రాండు లోగోలు లేని ప్యాకెట్లలోనే సిగరెట్లు అమ్మాలనేది) వేసిన కేసులో 2018లో ఓడింది. ఆ చట్టం అన్ని దేశాల సిగరెట్లకూ ఒకటే. వాదన ప్రధానంగా ట్రేడ్‌మార్కుల చుట్టూ, చట్టం అవసరానికి మించి వాణిజ్యాన్ని అడ్డుకుంటోందా అన్నదాని చుట్టూ తిరిగింది. ఇంతవరకు అర్థమైంది.

మన దేశం 2019లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ ఆపేసింది. మామూలు సిగరెట్లు కిళ్లీ కొట్టులో దొరుకుతూనే ఉన్నాయి. రేపు ఏ దేశమైనా ఈ రెండూ ఒకే తరహా వస్తువులని వాదిస్తే నిలుస్తుందా? పొగ వేరు, ఆవిరి వేరు అని నాకనిపిస్తోంది. లవంగం, మెంథాల్ కూడా వేరువేరనే కదా అమెరికా వాదించింది!

మా అధ్యాపకులను అడిగితే తీర్పు చదవమన్నారు; చదివాకే ఈ సందేహం వచ్చింది. వస్తువుల మధ్య పోటీని ఎలా కొలుస్తారో చెప్పినా చాలు.