పిక్కలు సన్నబడటానికి బొటాక్స్ ఇంజెక్షన్: పరుగెత్తేవారికి ఇబ్బంది కలుగుతుందా?

ప్రశ్న:
స్కూల్లో పరుగు పందేల్లో పాల్గొన్నప్పటి నుంచి నా పిక్కలు లావుగానే ఉన్నాయి. ఒళ్ళంతా తగ్గినా అవి మాత్రం తగ్గలేదు. మడమ ఎత్తితే చాలు, లోపలి వైపు కండ ఉండకట్టినట్టు పైకి తేలుతుంది. మోకాలి వరకే ఉండే దుస్తులు వేసుకోవడం మానేసి ఏళ్ళు గడిచాయి. ఈ బాధ చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. బొటాక్స్ ఇంజెక్షన్ కండను ఎలా తగ్గిస్తుంది, ఆ ఫలితం ఎంతకాలం ఉంటుంది, వారానికి నాలుగు రోజులు పరుగెత్తే నాకు ఇబ్బంది కలుగుతుందా అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
నేను ఫిజియోథెరపిస్టును. ముందుగా మీ పిక్కలో ఉన్నది కండో కొవ్వో తేల్చుకోండి. కాలు వదులుగా పెట్టి చర్మాన్ని వేళ్ళతో పట్టి చూడండి. మందంగా, మెత్తగా చేతికి వస్తే అది కొవ్వు, దాని మీద ఈ మందు ఏమీ చేయలేదు. తరువాత మునివేళ్ళ మీద నిలబడి చూడండి. గట్టిగా ఉబ్బేది గ్యాస్ట్రోక్నీమియస్ అనే కండరం. ఇంజెక్షన్ ఎక్కువగా దాని లోపలి భాగానికే ఇస్తారు.

నరం చివర నుంచి కండరానికి ఆజ్ఞను మోసుకుపోయే అసిటైల్‌కొలీన్ విడుదల కాకుండా ఈ మందు అడ్డుపడుతుంది కాబట్టి, పని తగ్గిన కండ, సిమెంటు కట్టు విప్పిన చేతిలాగా, కొన్ని వారాల్లో సన్నబడుతుంది. అంటే కండ బలహీనపడటం ఇక్కడ దుష్ప్రభావం కాదు, సన్నబడటానికి అదే మార్గం. నడకలో దాని అడుగున ఉండే సోలియస్ అనే మరో కండరం చాలావరకు ఆదుకుంటుంది. కానీ పరుగులో నేలను వెనక్కి తన్నే బలం గ్యాస్ట్రోక్నీమియస్ నుంచి కూడా రావాలి. మీరు పరుగు ఆపడానికి సిద్ధంగా లేకపోతే నేను దీన్ని సిఫారసు చేయను.

రెండవ జవాబు:
నేను రెండుసార్లు చేయించుకున్నాను. రెండవ వారంలో పై అరలోని డబ్బా కోసం మునివేళ్ళ మీద లేవబోతే కుడి మడమ నా ప్రమేయం లేకుండా కిందికి దిగిపోయింది. నొప్పి లేదు, పట్టు లేదు, అంతే. ఇలా జరగవచ్చని నాకు ఇంజెక్షన్ ఇచ్చినచోట ఒక్క మాట చెప్పలేదు, ఆ కోపం ఇంకా ఉంది. రెండు నెలలకు టేపుతో కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు తగ్గింది. ఆ ఉండ కనబడకపోవడమే నాకు కొలత కంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది. ఆరు నెలలకల్లా పిక్క మళ్ళీ మునుపటిలాగే అయింది.

మూడవ జవాబు:
ఒక విషయం గట్టిగా చెప్పాలి. కనుబొమల మధ్య ముడతలకు బొటాక్స్ 20 యూనిట్లు సరిపోతే, ఒక్కో పిక్కకు అంతకు ఎన్నో రెట్లు వాడతారు. ఒక బ్రాండ్ యూనిట్లు మరో బ్రాండ్ యూనిట్లతో సమానం కావు కాబట్టి మందు పేరు, యూనిట్లు రెండూ రాయించుకోండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో పెద్దవారి కాళ్ళ కండరాల బిగుతుకు బొటాక్స్‌ను అనుమతించింది. పిక్కల అందం కోసం వాడటానికి మాత్రం ఆ సంస్థ అనుమతి లేదు. ఇంజెక్షన్ తరువాత కొన్ని గంటలకైనా, వారాలకైనా మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. మయస్థీనియా గ్రావిస్ వంటి నరాల, కండరాల జబ్బులున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి వెళ్ళకూడదు. ఒక్క పిక్కే ఈమధ్య ఉన్నట్టుండి వాచి ఉంటే అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఫిజియోథెరపిస్టు గారు చెప్పినట్టే చూసుకున్నాను. చర్మం పలుచగానే చేతికి వచ్చింది, నాది కండే. వచ్చే నెలలో ఒక పరుగు పందెం ఉంది. అది పూర్తయ్యేవరకు ఇంజెక్షన్ ఆలోచనను పక్కన పెడుతున్నాను. ఆ తరువాత కొన్ని నెలలు పరుగు లేకుండా ఉండగలనో లేదో చూసుకుని డాక్టరును కలుస్తాను.