కౌన్సిల్ పార్కింగ్ ఫైన్: 25 పౌండ్లు కట్టేసి వదిలేయాలా, చాలెంజ్ చేయాలా?

ఓరుగల్లు_బిడ్డ
మేముండేది ఇంగ్లండ్‌లో, లండన్ బయట. శనివారం బాబు స్విమ్మింగ్ క్లాసుకని రోడ్డు పక్కన కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్ల పార్కింగ్ బేలో కారు పెట్టి, యాప్‌లో రెండు గంటలకు డబ్బు కట్టాను. తిరిగొచ్చేసరికి అద్దం మీద నోటీసు. ఏంటా అని చూస్తే, యాప్‌లో మేం అమ్మేసిన పాత కారు నంబరే ఉండిపోయింది, కట్టిన డబ్బు దానికి పడింది. నోటీసులో కోడ్ 11 అని ఉంది, అంటే పార్కింగ్ డబ్బు కట్టలేదని. 50 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 25. మా ఆవిడ కట్టేసి టెన్షన్ వదిలించుకోమంటోంది. డబ్బు కట్టినవాణ్ని పట్టుకుని కట్టలేదంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

కోనసీమ_అమ్మాయి
కట్టేయండి అన్నయ్యా. బేలో ఉన్న కారుకి డబ్బు కట్టాలన్నది రూలు, ఆ కారుకి కట్టలేదు, అంతే. నాకూ ఇలాగే అయింది. నెలల తరబడి ఉత్తరాలు రాసి, ఫైన్ల మీద అప్పీళ్లు వినే ట్రైబ్యునల్ దాకా వెళ్లి ఓడిపోయి, చివరికి సగం కాదు, మొత్తం కట్టాను. ఆ రోజులు ఎవరిస్తారు?

బెజవాడ_బాబాయ్
అమ్మాయ్, నీ బాధ అర్థమైంది కానీ మొదటి మెట్టుని, చివరి మెట్టుని ఒకే గాటన కట్టేస్తున్నావు. 14 రోజుల్లోపు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చాలెంజ్ రాస్తే పైసా ఖర్చు లేదు. వాళ్లు కాదన్నా సగం రేటుకి కట్టడానికి మళ్లీ 14 రోజులు ఇవ్వమని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. మరి ఇప్పుడు రాస్తే పోయేదేముంది? ఒక్కటి మాత్రం గుర్తుంచుకో తమ్ముడూ, ముందు కట్టేసి తర్వాత వాదిద్దాం అనుకోకు. కట్టావంటే కేసు అక్కడితో మూసేస్తారు.

కోనసీమ_అమ్మాయి
మార్గదర్శకం వేరు, చట్టం వేరు బాబాయ్ గారూ. ఆ మాట నోటీసు మీద రాసి ఉందో లేదో చూసుకోకుండా రాయకండి.

పాలమూరు_పిల్లోడు
నేనైతే ట్రైబ్యునల్ దాకా పోతా. లండన్ బయట ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్ ఉంది, అప్పీలుకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. నీ డబ్బు తీసుకుని కట్టలేదనడం అన్యాయం.

బెజవాడ_బాబాయ్
అన్యాయమే, కాదనను. కానీ అక్కడ తీర్పు చెప్పే అడ్జుడికేటర్ చూసేది తప్పు జరిగిందా, కౌన్సిల్ పద్ధతి ప్రకారం నడిచిందా అన్నదే. జాలిపడి కొట్టేసే అధికారం ఆయనకి లేదు, మరీ గట్టి కారణముంటే మళ్లీ ఆలోచించమని కౌన్సిల్‌కి చెప్పగలడు, అంతే. క్షమించే అధికారం కౌన్సిల్‌దే. అందుకే ఈ కేసులో బలమంతా మొదటి ఉత్తరంలోనే పెట్టాలి. బోర్డు కనపడకపోయినా, గీతలు చెరిగిపోయినా, టైమ్ అయిపోయాక ఇవ్వాల్సిన 10 నిమిషాలు ఇవ్వకపోయినా అప్పుడు నేనే దగ్గరుండి ట్రైబ్యునల్‌కి పంపేవాణ్ని. నీది అలాంటి కేసు కాదు.

పాలమూరు_పిల్లోడు
నేనొప్పుకోను. అందరూ ఇట్లనే 25 కట్టేసి ఊరుకుంటే ఆ యాపులు ఎప్పటికి బాగుపడతాయి?

సీమ_అన్న
వాదన తర్వాత, ముందు ఇది వినండి. ఏం చేసినా సరే, ఊరికే మాత్రం వదిలేయొద్దు. తెలంగాణలో 2022లో బైకుల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం తగ్గించారు కదా, ఆ అలవాటు మనలో చాలామందికి ఇక్కడా పోలేదు. ఇక్కడ తగ్గదు, పెరుగుతుంది. 28 రోజులు దాటితే కారు ఓనరుకి నోటీసు పంపుతారు, దానికీ పలక్కపోతే ఫైన్ మీద ఇంకో సగం వేస్తారు, ఆ తర్వాత కోర్టులో రిజిస్టర్ చేసి బెయిలిఫ్‌లను, అంటే బాకీ వసూలు చేసేవాళ్లను పంపుతారు. ఆ నోటీసు వచ్చేది డీవీఎల్ఏలో (ఇక్కడి వాహన రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఉన్న అడ్రసుకి. మా ఫ్రెండు ఇల్లు మారి లాగ్‌బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ కాగితంలో అడ్రసు మార్చలేదు, కాగితాలన్నీ పాత ఇంటికే పోయాయి, బెయిలిఫ్ తలుపు కొట్టేదాకా వాడికి సంగతే తెలియదు. ఇంకోటి, ఇది సివిల్ వ్యవహారం. క్రిమినల్ కేసు కాదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. ఆ భయంతో అయితే కట్టొద్దు.

ఓరుగల్లు_బిడ్డ
నోటీసు వెనక చూశాను. 14 రోజుల్లో చాలెంజ్ చేస్తే, కాదన్నా సగం రేటు మళ్లీ ఇస్తామని స్పష్టంగా ఉంది. కౌన్సిల్ సైట్‌లో వార్డెన్ తీసిన ఫొటోలు కూడా చూశాను, బోర్డులన్నీ బాగానే ఉన్నాయి, అక్కడ నేను పట్టుకోగలిగిందేమీ లేదు. ఈ రాత్రికే రాస్తున్నా: నంబరు తప్పు నాదే, డబ్బు మాత్రం ఆ బేకి ఆ టైమ్‌కే కట్టాను, ఇదే మొదటిసారి, దయచేసి రద్దు చేయండి అని. యాప్ రసీదు, పాత కారు అమ్మిన కాగితం జత చేస్తున్నా. కాదంటే 25 కట్టేస్తాను, ట్రైబ్యునల్‌కి వెళ్లను.

కోనసీమ_అమ్మాయి
అలాగైతే సరే అన్నయ్యా. పంపాక వచ్చే రిఫరెన్సు నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నేను అది తీసుకోకే చాలా ఇబ్బంది పడ్డాను. యాప్‌లో ఆ పాత నంబరు ఇప్పుడే డిలీట్ చేయండి, సోమవారం వదినగారు అదే యాప్ వాడతారేమో.