మూడు ఉతుకులకే చంక కింద విడిపోయిన కుర్తీలు. మంచివి ఎక్కడ దొరుకుతున్నాయి?

ఎర్రమందారం | ఆదివారం, రాత్రి 9:40

పొద్దున పదకొండింటికి బయల్దేరి ఇప్పుడే ఇల్లు చేరాను. నాలుగు షోరూములు, బజార్లో రెండు చిన్న షాపులు తిరిగాను. కాళ్లు పీకేస్తున్నాయి, చేతిలో ఒక్క కవరు లేదు.

మార్చిలో ఒక పెద్ద షోరూములో మూడు కుర్తీలు తీసుకున్నాను. "ప్యూర్ కాటన్ మేడమ్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు అక్కడి అబ్బాయి. మూడో ఉతుక్కి నీలం రంగుది చంక కింద విడిపోయింది. కుట్టు దారం తెగలేదు, అది అలాగే ఉంది. దాని పక్కనుంచి బట్టే పీచుపీచుగా జారిపోయింది. ఆకుపచ్చది రెండంగుళాలు పొట్టిదైంది. తెల్లది వేసుకుంటే లోపలివన్నీ కనిపిస్తున్నాయి, అద్దంలో చూసుకుని ఏడుపొచ్చింది.

ఇవాళ ఏది పట్టుకున్నా అదే జారుడు బట్ట. మోడళ్లు చూద్దామంటే ఎదమీద పూసలు, భుజాల దగ్గర కత్తిరింపులు, చేతులకి నెట్టు, పక్క చీలిక నడుం దాకా. అన్ని షాపుల్లోనూ అవే, రంగులే వేరు. మోచేతి దాకా చేతులు, ఒక జేబు, ఒళ్లు కనిపించని బట్ట, నేనడిగేది ఇంతే. "అలాంటివి ఇప్పుడు రావట్లేదు మేడమ్" అంటున్నారు. మా అమ్మ పన్నెండేళ్ల కిందట కొనిచ్చిన కుర్తీ ఇంకా ఇంట్లో వేసుకుంటున్నాను, ఒక్క కుట్టు చెదరలేదు. మంచివి ఎక్కడ దొరుకుతున్నాయో దయచేసి చెప్పండి.

ఒకేమాట | 9:52

ఏ ఊరు? ఎంతలో? లేబుల్ మీద ఏం రాసుంది?

మగ్గంగుంట | 10:15

చెల్లీ, షోరూముల చుట్టూ తిరిగినన్నాళ్లూ ఇంతే. చేనేత బట్ట కొనుక్కో. మంగళగిరి బట్ట ఒక్కసారి ఒంటిమీద వేసుకుంటే మళ్లీ ఆ వైపు వెళ్లవు. 80వ నంబరు నూలు, అంటే సన్న దారం, నేలలో గుంట తీసి పెట్టే గుంట మగ్గం మీద దగ్గరగా కొట్టిన నేత. ఎండాకాలం చెమట పీల్చుకుంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

అయితే మంగళగిరి అని పేరు పెట్టి అమ్మేదంతా మంగళగిరి కాదు. పవర్‌లూమ్ మీద అదే అంచు దించి సగం ధరకి అమ్ముతున్నారు. చీరలు, ధోవతులు, లుంగీలు, తువ్వాళ్లలాంటి కొన్ని రకాలు మగ్గానికే వదలాలని 1985లో చట్టమే చేశారు. అది కాగితం మీద ఉండగానే పక్క సందులో పవర్‌లూములు నడిచాయి. నష్టపోయింది మా నాన్నలాంటి వాళ్లు. 2006 నుంచి చేనేత మార్కు ముద్ర ఉంది, అది అడిగి చూసి కొనండి. అడిగేవాళ్లు లేకే షాపువాళ్లు దాన్ని పట్టించుకోవడం లేదు.

ఎర్రమందారం | 10:31

అన్నా, మీ బాధ అర్థమైంది. నేనడిగింది మాత్రం రెడీమేడ్ గురించి. పన్నెండో తారీఖున బడి తెరుస్తారు, నాకు ఐదు కావాలి.

ఒకేమాట | 10:33

ఊరు?

కుట్టుపని30ఏళ్లు | 10:58

అమ్మా, తెనాలిలో ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. మీరు చెప్పిన నీలం కుర్తీ సంగతి నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. దాన్ని మేం బట్ట జారడం అంటాం. నేత వదులు, దారం నున్నన, పైగా కుట్టు అంచుకు మరీ దగ్గర. మూడూ కలిస్తే చెయ్యెత్తి బస్సులో కమ్మీ పట్టుకోగానే విడిపోతుంది.

ఈసారి షాపులో కుర్తీ పైకి ఎలా ఉందో తర్వాత చూడండి, ముందు లోపలికి తిప్పండి. పక్క కుట్టు దగ్గర లోపల ఎంత బట్ట వదిలారో చూడండి. మేమైతే ముప్పావు అంగుళం, అంగుళం వదుల్తాం, ఒళ్లొస్తే విప్పి లూజు చేసుకోవచ్చని. ఇప్పుడొచ్చే రెడీమేడ్‌లో ఓవర్‌లాక్ (అంచు పీచు లేవకుండా వేసే కుట్టు) వెడల్పు ఉంటే గొప్ప, అంటే పావు అంగుళం. పదుల కొద్దీ పొరలు పరిచి ఒకేసారి మిషన్ కత్తితో కోస్తారు కాబట్టి ప్రతి ముక్కలో అర అంగుళం మిగిలినా తాన్లకు తాన్లు ఆదా.

తర్వాత కుట్లు లెక్కపెట్టండి. అంగుళానికి పది, పన్నెండు ఉంటే పర్వాలేదు. ఆరో ఏడో ఉంటే మిషన్ పరుగెత్తించారని అర్థం. పొడుగు కుట్టు వేస్తే పని తొందరగా అయిపోతుంది, దారం కూడా తక్కువ పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, చంక కింద కుట్టుకి అటూ ఇటూ రెండు బొటనవేళ్లు పెట్టి మెల్లగా లాగండి. కుట్టు దగ్గర నిచ్చెన మెట్లలాగా సందులు తెరుచుకుంటే అక్కడే వదిలేయండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. లేతరంగు బట్టయితే లోపల చెయ్యి పెట్టి వెలుతురులో చూడండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే దానికి లైనింగ్ లేకుండా బయటికి వెళ్లలేరు. చీలిక మొదలయ్యే చోట అడ్డకుట్టు ఉందా లేదా అనేది కూడా చూసుకోండి.

ఆఫీసుచొక్కా | 11:10

మగవాళ్ల బట్టలు కూడా అంతేనండీ. గత ఏడాది పదిహేను వందలు పెట్టి చొక్కా కొన్నాను. నాలుగు ఉతుకులకి కాలరు మీద బొబ్బలు లేచినట్టయింది. ఇస్త్రీ చేసినా పోవట్లేదు. ఎందుకలా?

కుట్టుపని30ఏళ్లు | 11:18

కాలరు గట్టిగా నిలవడానికి లోపల పెట్టే బక్రం గుడ్డని జిగురుతో అంటిస్తారు సార్. నాసిరకం జిగురైతే, వేడి సరిగ్గా తగలకపోతే ఉతికినప్పుడు అక్కడక్కడా ఊడుతుంది. బక్రం, బట్ట వేర్వేరుగా ముడుచుకున్నా బొబ్బలే. దానికి మందు లేదు, కాలరు మార్చాల్సిందే.

ఎర్రమందారం | 11:25

ఒకేమాట గారూ, ఖమ్మం. ఒక్కోటి వెయ్యి, పన్నెండు వందల్లో. లేబుళ్లు మెడ దగ్గర గుచ్చుకుంటుంటే కత్తిరించేశాను. ఆకుపచ్చదానికి మాత్రం పక్క కుట్టులో ఇంకోటి ఉంది, ఇప్పుడే చూశాను. 'వంద శాతం విస్కోస్' అని ఉంది. అంటే కాటనేనా?

ఒకేమాట | 11:26

కాదు. రేయాన్.

నూలుపోగు | 11:44

రేయాన్, విస్కోస్ ఒకటే. షాపుల్లో 'రేయాన్ కాటన్' అని ఒక పేరు తిప్పుతున్నారు, దాన్ని నమ్మకండి. సింథటిక్ మీద ఇంత డబ్బు పెట్టడం దండగ. కొనేముందు లోపలి దారం ఒకటి లాగి కాల్చి చూడండి, కాటనైతే కాగితం కాలిన వాసన వస్తుంది.

ఒకేమాట | 11:47

రేయాన్ సింథటిక్ కాదు. కాలిస్తే దానిదీ కాగితం వాసనే.

నూలుపోగు | 11:55

మిల్లులో రసాయనాలు పోసి తీసే దారం సింథటిక్ కాకపోతే మరేమిటి?

రసాయనశాస్త్రం | సోమవారం, ఉదయం 6:20

ఒకేమాట గారు చెప్పిందే సరి, రసాయనాల సంగతీ నిజమే. రేయాన్‌కి మూలం చెట్టు గుజ్జు. దాన్ని రసాయనాల్లో కరిగించి సన్నని రంధ్రాల్లోంచి దారంగా తీస్తారు. పుట్టుక చెట్టుదే, చేత మనిషిది. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది, దాన్నే సింథటిక్ అనాలి. అది కాలిస్తే కరిగి నల్లటి గట్టి పూసలా అవుతుంది. పత్తి, రేయాన్ రెండూ మెత్తటి బూడిద అవుతాయి, కాబట్టి నిప్పుతో ఆ రెండింటినీ విడదీయలేం.

నీళ్లతో విడదీయొచ్చు. పత్తి దారం తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. రేయాన్ దారం తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. లోపలి పోగు ఒకటి లాగి, నాలుకతో తడిపి తెంపి చూడండి. పుటుక్కున తెగితే రేయాన్.

ఎర్రమందారం గారూ, మీ బట్టలు మిషన్లో ఉతుకుతారా, చేత్తోనా?

ఎర్రమందారం | సోమవారం, ఉదయం 7:05

మిషన్ లేదండీ. ఉతికే ఆవిడ వస్తుంది. నానబెట్టి, బ్రష్ కొట్టి, బండ మీద నాలుగు దెబ్బలు వేసి గట్టిగా పిండి ఆరేస్తుంది. మా ఇంట్లో అన్నీ అలాగే ఉతుకుతారు, ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఒకేమాట | 7:06

ఇది మొదటే చెప్పాల్సింది.

కుట్టుపని30ఏళ్లు | 7:30

అయ్యో తల్లీ, రేయాన్ని బండకేసి బాదితే ఇంకేం మిగులుతుంది! మీ అమ్మగారు కొన్నది పత్తి బట్ట అయ్యుంటుంది, బండ దెబ్బకి తట్టుకుంది. రేయాన్ని తడిమీద పిండనే కూడదు. రెండు చేతుల మధ్య నొక్కి, నీళ్లు కారనిచ్చి, నీడన ఆరేయాలి.

అలాగని తప్పు మీదే అని నేననను. కాటన్ అని చెప్పి రేయాన్ అమ్మితే మీరు కాటన్ లాగే ఉతుకుతారు కదా. పావు అంగుళం మార్జిన్ తప్పు మాత్రం బండది కాదు.

బిల్లుందా | 8:12

మేడమ్, వేరే బట్టని కాటన్ అని చెప్పి అమ్మడం మోసం కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన లోపమున్న బట్ట విషయంలో తప్పించుకోలేరు. మీకు ఆ 30 రోజులు దాటిపోయాయి. అయినా ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల వ్యవధి ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లుందా?

ఎర్రమందారం | 8:20

ఉంది, తెల్ల కాగితంలా ఉంది. ఒక్క అక్షరం కనిపించట్లేదు.

బిల్లుందా | 8:24

ఆ కాగితం మీద అచ్చు వేడికి, వెలుతురుకి వెలిసిపోతుంది. కొన్నరోజే ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఫోన్‌పే చేసుంటే ఆ రికార్డు పనికొస్తుంది.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 లోపు బట్టల మీద పన్ను 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 12 ఉండేది. బిల్లులో ఎంత వేశారో అందరూ చూసుకోండి.

ఆఫీసుచొక్కా | 8:40

ఆ తగ్గింది మాకెక్కడా కనపడలేదండీ, చొక్కా ధర అక్కడే ఉంది.

బిల్లుందా | 8:43

అందుకే బిల్లు చూడమంటున్నాను. ఒక్కోటి 2500 దాటితే 18.

మగ్గంగుంట | 9:15

ఇంత చర్చ ఎందుకు? ఖద్దరు, చేనేత కొనుక్కుంటే ఈ రేయాన్ గొడవే లేదు. మీటరు 280 పెట్టి మొన్న మా ఇంటావిడకి మంగళగిరి బట్ట తెచ్చాను. కుర్తీకి రెండున్నర మీటర్లు చాలు.

పొందూరుపిల్ల | 9:37

అన్నా, ఖద్దరు వేరు, చేనేత వేరు. చేత్తో వడికిన నూలుని చేత్తో నేస్తేనే ఖద్దరు. 1956 ఖాదీ కమిషన్ చట్టంలో కూడా అలాగే ఉంది. మంగళగిరి బట్టకి నూలు మిల్లు నుంచి వస్తుంది, నేత మాత్రం మగ్గం మీద. మా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకి, వడికి నేసే వాళ్లున్నారు. రెండూ ఒకటే అంటే వడికే ఆడవాళ్ల కష్టం లెక్కలోంచి పోతుంది.

మగ్గంగుంట | 9:50

నేను కాదనలేదమ్మా. మామూలు జనం రెండింటినీ ఖద్దరనే అంటారు. మగ్గం బట్టయితే అంచు పక్కన సన్నటి సూది గుర్తులుంటాయి, అది చూసి కొంటే చాలు.

పొందూరుపిల్ల | 9:58

జనం అలా అంటారు కాబట్టే షాపువాళ్లు దేనికైనా ఆ పేరు పెట్టేస్తున్నారు. రేయాన్‌ని కాటన్ అన్నదీ అలాగే. అంచు గుర్తులు పవర్‌లూమ్ బట్టలో కూడా ఉంటాయి అన్నా, దాన్ని ఒక్కటే నమ్మొద్దు.

మగ్గంగుంట | 10:05

మా నాన్న నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నాడు. గుర్తులు నాకు నేర్పక్కర్లేదు.

కుట్టుపని30ఏళ్లు | 10:20

ఇద్దరూ మంచి బట్ట గురించే మాట్లాడుతున్నారు, పోట్లాడుకోకండి. ఎర్రమందారం అమ్మా, మీకు జేబు కావాలి, చేతులు కావాలి, ఒళ్లు కనపడకూడదు. ఇవన్నీ రెడీమేడ్‌లో వెతికేకంటే తాను లోంచి బట్ట తీసుకుని కుట్టించుకోండి. కుట్టడానికి ఇచ్చే ముందు ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయండి. ముడుచుకోవాల్సిందేదో కుట్టకముందే ముడుచుకుంటుంది. మార్జిన్ అంగుళం వదలమని, జేబు పక్క కుట్టులో పెట్టమని నోటితో చెప్పండి, చెప్పకపోతే పెట్టరు. బాగా సరిపోయే ఆ పాత కుర్తీని కొలతకివ్వండి.

నూలుపోగు | మధ్యాహ్నం 1:10

నాలుకతో తడిపి చూశాను. మా ఆవిడ కొత్త డ్రెస్ రేయానే. 'కాటన్' అని స్టిక్కరుంది.

ఎర్రమందారం | బుధవారం, రాత్రి 8:15

నిన్న బడి పనిమీద విజయవాడ వెళ్లి, అటునుంచి మంగళగిరిలో దిగి చేనేత సొసైటీ షాపులో ఐదు కుర్తీలకి బట్ట తెచ్చాను. తడిపి తెంపి చూశాను, తెగలేదు. రాత్రంతా నానబెట్టి ఇవాళ ఆరేశాను. ఇక్కడ ముగ్గురు టైలర్లని అడిగితే స్కూలు యూనిఫాంల పని నెత్తిమీదుంది, ఇరవై తర్వాతే చూస్తామన్నారు. పన్నెండుకి పాత చీరలే కడతాను. అందరికీ థాంక్స్.

కుట్టుపని30ఏళ్లు | 8:50

ఐదు కుర్తీలకి మొత్తం ఎన్ని మీటర్లు తెచ్చారమ్మా? పన్నా, అంటే బట్ట వెడల్పు, ఎంతుంది?