ఇంగ్లండ్‌ల ‘పార్షాలిటీ’ అని రాస్తే అర్థమైతదా?

హన్మకొండ, కొత్తగా వచ్చిన
అన్నలకు, అక్కలకు నమస్తే. లెస్టర్‌ల ఒక కేర్ హోమ్‌ల చేస్తున్న. రోటాల (డ్యూటీల పట్టికల) శని, ఆదివారం నైట్లు ఎక్కువ నాకే పడుతున్నయ్. ‘యు ఆర్ షోయింగ్ పార్షాలిటీ, దిస్ ఈజ్ టార్చర్’ అని మేనేజర్‌కు మెయిల్ రాసిపెట్టిన, ఇంక పంపలే. పంపొచ్చా, మాటలేమన్న మార్చాల్నా?

కాజీపేట అన్న
పంపకు తమ్మీ. ‘పార్షాలిటీ’ తప్పు మాట కాదు గని ఇక్కడ రోజువారీ మాటల్ల వినపడదు. ‘ఫేవరిటిజం’ అంటరు, మాట్లాడేటప్పుడైతే ‘షీ హ్యాజ్ హర్ ఫేవరిట్స్’. ‘టార్చర్’ మన దిక్కు చిన్న విసుగుకు గూడ వాడ్తం, ఇక్కడ ఆఫీసు మెయిల్‌ల రాస్తే చిత్రహింస అన్నట్టు అయితది. ‘స్టెప్‌మదర్లీ ట్రీట్‌మెంట్’ అసలే వద్దు. నీ మేనేజరే ఎవరికో సవతి తల్లి కావచ్చు, నొచ్చుకుంటది.

ఏ మాటకు ఎంత బరువుందో తెలుసుకో. ‘అన్‌ఫెయిర్’ అంటే నీకు అన్యాయం అనిపించింది, అంతే. ‘ఇన్‌కన్సిస్టెంట్’ అంటే అందరికీ ఒక్క తీరు లేదు అని. దానికి లెక్క చూపియ్యాలె. ‘బయస్డ్’ అన్నవంటే మాట మనిషి మీదికి పోతది. ‘ప్రెజుడిస్డ్’ ఇంకా గట్టిది, ముందే మనసుల పెట్టుకున్నరని. ‘డిస్క్రిమినేషన్’ (వివక్ష) అనంగనే హెచ్‌ఆర్ వాళ్లు వివక్షను ఆపే 2010 ఈక్వాలిటీ యాక్ట్ ముందట పెట్టుకొని చదువుతరు. ఇంకో ముచ్చట: మనోళ్లు ‘హీ ఈజ్ బయస్’ అని రాస్తరు, ‘బయస్డ్’ అని ఉండాలె. ‘దే డిస్క్రిమినేటెడ్ మీ’ కాదు, ‘అగైన్‌స్ట్ మీ’.

ముందుగాల ఎనిమిది వారాల రోటా ఫోటోలు తీసి పట్టీ గీయ్. రాత్రికి ఒక్కలే డ్యూటీ అయితే వీకెండ్ నైట్లు మొత్తం 16. అండ్ల నీకు 11, అదే పోస్టుల ఉన్న మిగతా నలుగురికి కలిపి 5 అనుకుందాం. గప్పుడు ‘ఓవర్ ద లాస్ట్ ఎయిట్ వీక్స్ ఐ వాజ్ గివెన్ ఎలెవెన్ ఆఫ్ ద సిక్స్‌టీన్ వీకెండ్ నైట్స్. కుడ్ యు ఎక్స్‌ప్లెయిన్ హౌ దీజ్ ఆర్ అలొకేటెడ్?’ అని రాయ్. నిందలు వద్దు, కారణం అడుగు. ఆమె ఇచ్చిన జవాబు రేపు నీకు పనికొచ్చే కాయితం అయితది.

జమ్మికుంట అక్క
అన్నా, మొదటి మెయిల్‌కు మీరు చెప్పింది సరే. కానీ అంత మెత్తగానే ఉండిపోతే తమ్ముడు నష్టపోతాడు. ఫిర్యాదు చేసినందుకు పగబట్టి వేధించడాన్ని ఆ ఈక్వాలిటీ చట్టం ‘విక్టిమైజేషన్’ అంటుంది, సెక్షన్ 27. ఆ రక్షణ దొరకాలంటే వివక్ష జరిగిందని చెబుతున్నట్టు ఫిర్యాదులో అర్థం కావాలి. ఉత్త ‘అన్‌ఫెయిర్’ అని రాసి ఊరుకుంటే అది వర్తించదు. మన దేశం వాళ్లకే ఇట్లా పడుతున్నాయని పట్టీలో కనబడితే ‘ఐ బిలీవ్ దిస్ ఈజ్ బికాజ్ ఆఫ్ మై నేషనాలిటీ’ అని స్పష్టంగా రాయాలి. చట్టంలో ‘రేస్’ అంటే రంగు ఒక్కటే కాదు, జాతీయత, జాతిమూలం కూడా అందులోనివే.

కారణం అది కాకపోతే మాత్రం ఆ మాట ముట్టుకోవద్దు. మేనేజర్ తన దోస్తులకు మంచి షిఫ్టులిస్తే అది ఫేవరిటిజం. తప్పే, కానీ దానికదే ఆ చట్టం కిందికి రాదు. చట్టం చెప్పే లక్షణాలు తొమ్మిది: వయసు, వైకల్యం, లింగమార్పిడి, పెళ్లి, గర్భం, రేస్, మతం లేదా నమ్మకం, స్త్రీ పురుష భేదం, లైంగిక ధోరణి.

భూపాలపల్లి
ఇంటి ఓనర్లకు రాసేటప్పుడు గూడ గిదే పద్ధతి. కొవెంట్రీల నర్సంపేట పిల్లగాడు ఒకడు ఇల్లు ఖాళీ చేసిండు. కిరాయి నెలకు 900 పౌన్లు, డిపాజిట్ కింద 1,350 గుంజిన్రు. పోయేటప్పుడు కార్పెట్ మీద మరక చూపిచ్చి 400 కోసుకుంటమన్నరు. ఆయన కోపంల ‘యు ఆర్ చీటర్, రేసిస్ట్’ అని మెసేజ్ పెట్టిండు. ఏజెంట్ ఆ ఒక్క మెసేజ్ పట్టుకొని, తిట్లకు మేం జవాబియ్యం అని చేతులు దులుపుకున్నడు. అసలు సంగతి మూలకు పడ్డది.

ఆయన రాయాల్సినయి రెండు. ఒకటి: 2019 టెనెంట్ ఫీజ్ యాక్ట్ ప్రకారం ఏడాది కిరాయి 50,000 పౌన్ల లోపున్న ఇంటికి డిపాజిట్ ఐదు వారాల కిరాయి దాటొద్దు. 900ను 12తో గుణించి 52తో భాగించి ఐదు రెట్లు చేస్తే 1,038 పౌన్ల 46 పెన్నీలు. అంటే 311 పైన ఎక్కువ తీసుకున్నరు. రెండు: కార్పెట్ 400 పెట్టి కొన్నది, ఎనిమిదేండ్లు నడిచేది, ఆరేండ్లు అయిపోయింది. మిగిలిన విలువ 100. పాతదానికి కొత్తదాని ఖరీదు అడిగితే దాన్ని ‘బెటర్‌మెంట్’ అంటరు, అది చెల్లది. మామూలు అరుగుదలకైతే ‘ఫెయిర్ వేర్ అండ్ టేర్’ అని రాయాలె. ‘ద డిడక్షన్ ఈజ్ డిస్‌ప్రపోర్షనేట్’ అనే ఒక్క వాక్యం తిట్లకన్న గట్టిగ పని చేస్తది.

తర్వాత డిపాజిట్ స్కీమ్‌ల (కిరాయిదారు డిపాజిట్ భద్రంగ ఉంచే ఏర్పాటు) ఉచితంగ ఉండే వివాద సేవకు పోయి గీ లెక్కే పెట్టిండు. ఓనర్‌కు 100 పోయి మిగతాది చేతికొచ్చింది. రుజువు చూపియ్యాల్సింది ఓనరే, చేరేటప్పటి ఇన్వెంటరీ (ఇంట్ల సామాన్ల, వాటి స్థితి జాబితా), ఫోటోలు లేకుంటే ఆయన నిలవలేడు. డిపాజిట్‌ను 30 రోజులల్ల స్కీమ్‌ల పెట్టకపోతే కోర్టు దానికి ఒకటి నుంచి మూడు రెట్లు కట్టిస్తది.

కాజీపేట అన్న
తమ్ముడడిగింది రోటా సంగతి. అక్క చెప్పింది ఒప్పుకుంటున్న, కాకుంటే ముందు కంపెనీ లోపలనే గ్రీవెన్స్ (రాతల ఫిర్యాదు) వేసి, జవాబు వచ్చినంక చూసుకోవాలె.

జమ్మికుంట అక్క
అక్కడే చాలామంది మునుగుతున్నారు అన్నా. గ్రీవెన్స్ నడుస్తున్నంత మాత్రాన ట్రిబ్యునల్‌లో (ఉద్యోగ తగాదాల కోర్టులో) కేసు వేసే గడువు ఆగదు. సంఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ అనే లెక్క పెట్టుకుని, అందులోపే ఉద్యోగ తగాదాల్లో రాజీ చేసే సంస్థ ఏకాస్‌కు ‘అర్లీ కన్సిలియేషన్’ (కేసుకు ముందు రాజీ) కోసం చెప్పాలి. గడువు ఆగేది దానికి. రెండూ పక్కపక్కనే నడపాలి. వివక్ష కేసుకు ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు కూడా లేదు.

మంథని
మన కిరాణా దుకాణాలల్ల, మెస్‌లల్ల మనోళ్లే కులం అడిగి పని చెప్పే సంగతి ఎవ్వరు ఎత్తుతలేరు. తొమ్మిదింట్ల కులం పేరు లేదు నిజమే. గని అది జాతిమూలం కిందికి రావచ్చని 2014ల ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది. అసువంటిది జరిగితే ‘క్యాస్ట్’ అనే రాయాలె, ‘కమ్యూనిటీ ఇష్యూ’ అని దాచొద్దు. మతం సంగతైతే ‘కమ్యూనల్’ అని రాయొద్దు. ఇక్కడ ‘కమ్యూనల్ కిచెన్’ అంటే అందరు కలిసి వాడుకునే వంటిల్లు. ‘రిలీజియస్ ప్రెజుడిస్’ అను.

యాసను ఎక్కిరిచ్చుడు గూడ చిన్నది కాదు తమ్మీ. అందరి ముందట నీ ఇంగ్లీషును మళ్లమళ్ల అనుకరిస్తే, అది నీ జాతీయతకు ముడిపడితే, ‘హరాస్‌మెంట్’ కావచ్చు. తేది, టైము, అన్న మాట అన్నట్టే, విన్నోళ్ల పేర్లు రాసిపెట్టుకో. ‘బుల్లీయింగ్’కు విడిగ చట్టం లేదు, అందుకే ఏ మాట వాడుతున్నవో చూసుకోవాలె.

హన్మకొండ, కొత్తగా వచ్చిన
పాత మెయిల్ తీసేసిన అన్నా. పట్టీ గీస్తున్న. ఇంకో ఇద్దరు ఇండియా వాళ్లున్నరు, వాళ్ల నైట్లు విడిగ లెక్కపెట్టాల్నా?

జమ్మికుంట అక్క
విడిగానే పెట్టు తమ్ముడూ. పేరు పక్కన పోస్టు, కాంట్రాక్టు గంటలు కూడా రాయి. గంటలు తక్కువున్న వాళ్లతో పోలిస్తే హెచ్‌ఆర్ మొదట పట్టుకునేది దాన్నే. మెయిల్ పంపినాక కాపీ నీ సొంత మెయిల్‌లో ఉంచుకో, పట్టీలో రెసిడెంట్ల (హోమ్‌లో ఉండేవాళ్ల) పేర్లు మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.