తొలుసూరు కాన్పు ఖర్చు తల్లిగారిదేనా? నెలకు 17,700తో మేమే పెట్టుకోగలమా?

కాబోయే నాన్న (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. నేను బట్టల షోరూంలో సేల్స్‌లో పనిచేస్తాను. జీతం 19,500. పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), వృత్తి పన్ను పోను చేతికి 17,700 వస్తుంది. నా భార్యకు అయిదో నెల. ఇంతకు ముందు టైలరింగ్ షాపులో కుట్టేది. మూడో నెలలో వాంతులు ఎక్కువై మానేసింది. నెలకు 7,000 తెచ్చేది, ఇప్పుడు అది లేదు.

కిరాయి 6,500, సరుకులు, పాలు, కూరగాయలు 5,000, బండి పెట్రోలు 1,500, ఊళ్లో అమ్మకు 2,000, గ్యాసు, కరెంటు, ఫోన్లు కలిపి 1,600. మిగిలేది 1,100. స్కానింగులు, మందులు అందులోంచే.

అత్తమామలకు జగిత్యాల దగ్గర రెండెకరాలుంది. ఏడో నెలలో శ్రీమంతం చేసి తీసుకుపోతామని, ప్రైవేటు నర్సింగ్ హోంలో కాన్పు చేయిస్తామని అంటున్నారు. దానికోసం లక్ష రూపాయలు రెండు రూపాయల మిత్తికి తెస్తున్నారని మా బామ్మర్ది చెబితే తెలిసింది. మా అమ్మేమో "తొలుసూరు తల్లిగారిదే, అందరూ చేసేదే, నువ్వెందుకు అడ్డం పడతావు" అంటోంది. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వాళ్లు అప్పు చేసి నా బిడ్డకు పురుడు పోయడం నాకు ఇష్టం లేదు. నా దగ్గరా డబ్బు లేదు. మీరైతే ఏం చేస్తారు?

నిజామాబాద్ అక్క

తమ్ముడూ, నీ మనసు మంచిది. కానీ ఆ పిల్ల మనసు కూడా చూడు. తొలుసూరుకు అమ్మ దగ్గర ఉండాలని ఏ ఆడపిల్లకు ఉండదు? బాలింతకు నూనె రాసి నీళ్లు పోయడం, పథ్యం వండి పెట్టడం, రాత్రి బిడ్డ ఏడిస్తే లేచి ఎత్తుకోవడం కిరాయి గదిలో నువ్వొక్కడివి చేయగలవా? పొద్దున పదింటికి డ్యూటీకి పోతే రాత్రి తొమ్మిదికి వస్తావు. పెద్దలు ఈ పద్ధతి ఊరికే పెట్టలేదు. వద్దంటే మీ మామకు నామోషీ. ఊళ్లో నలుగురూ "అల్లుడు పంపలేదట" అంటారు.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి (మెదక్)

అక్కా, ఆ నామోషీకి భయపడే నేను అప్పు చేశాను. పెద్దమ్మాయి కాన్పుకు ప్రైవేటు ఆసుపత్రికి 85,000 కట్టాను. ఆ తర్వాత 21వ రోజు తొట్టెల, బిడ్డకు గొలుసు, వియ్యాలవారికి బట్టలు. అడగలేదు అంటారు, కానీ పెట్టకపోతే మాట పడేది నా బిడ్డే. పాలిచ్చే బర్రెను అమ్మాను. అది కూడా మిత్తికే సరిపోయింది. అసలు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో చిన్నమ్మాయిని డిగ్రీ మాన్పించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

బాబూ, రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000. రెండెకరాల రైతు పంట చూసుకుని అది కట్టలేడు. మీ మామ నీతో ఈ మాట ఎప్పటికీ చెప్పడు. ఒక తండ్రిగా నేను చెబుతున్నాను.

వరంగల్ కోడలు

అప్పు సంగతి సరే, ప్రాణం సంగతి కూడా మాట్లాడండి. మా చెల్లెను ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పిస్తే మంచం దొరక్క ఒక రాత్రంతా కింద పడుకుంది. మగబిడ్డ పుట్టాడని వార్డులో ముగ్గురు చేయి చాపారు. ఏడుస్తూ ఇచ్చాం. నా కాన్పుకు బీపీ పెరిగితే ప్రైవేటులో వెంటనే చూశారు. పుస్తెలతాడు కుదువ పెట్టి బిల్లు కట్టాం. నాకు బాధ లేదు. బంగారం విడిపించుకోవచ్చు.

పల్లె ఏఎన్ఎం

పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో గర్భిణులను, బాలింతలను చూసే ఈ నర్సు పనిలో ఉన్నాను. చెల్లె చెప్పింది అబద్ధం కాదు. ఆ చేయి చాపడం నేనూ చూశాను, సిగ్గుపడ్డాను. అలా అడిగితే సూపరింటెండెంట్‌కు రాసి ఇవ్వండి. ఇవ్వడం మీ బాధ్యత కాదు.

కానీ ఒక మాట. బీపీ కాన్పు రోజే తెలియాల్సిన విషయం కాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. బీపీ, రక్తం, షుగర్ అక్కడే తేలతాయి. ప్రమాదం ఉందని తెలిస్తే ముందే పెద్దాసుపత్రికి రాస్తాం. ఏ ఆసుపత్రి అన్నది ఆ రిపోర్టులు చూసి తేల్చుకోవాలి, ఊరివాళ్ల మాట విని కాదు.

2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పయినా, ఆపరేషనయినా, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. పుట్టిన బిడ్డకు జబ్బు చేసినా చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. 102 అమ్మఒడి బండి ఇంటికి వస్తుంది. ఇంకొకటి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ప్రైవేటు కాన్పుల్లో 100కు 81కి పైగా ఆపరేషన్లే. ప్రభుత్వంలో 44 చిల్లర. అదీ ఎక్కువే, నేను సమర్థించను. కానీ మీ మామ తెస్తున్న లక్ష దేనికి పోతుందో ఆలోచించు తమ్ముడూ.

నీ జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ కట్ అవుతోంది. నెలకు 147 పోతోంది కదా, కార్డులో భార్య పేరు ఎక్కించావా? లేకపోతే రేపే ఎక్కించు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి నీకు పక్కనే. ఈఎస్ఐ వైద్యం లేని చోట కాన్పు జరిగితే ఖర్చు కింద 7,500 ఇస్తారు, రెండు కాన్పుల వరకు. దానికి కాగితాలు ఏం కావాలో మీ బ్రాంచి ఆఫీసులో ముందే అడుగు.

అంగన్‌వాడీలో పేరు రాయించారా? ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. చాలామంది పట్నంలో ఉన్నామని నామోషీగా వెళ్లరు. ఆ పిల్లకు ఇప్పుడు కావలసింది అదే.

అయినా చేతిలో ఒక 12,000 ఉండాలి. తోడున్నవాళ్ల తిండి, ఆటోలు, అర్ధరాత్రి బయట కొనాల్సిన ఏదో ఒకటి. ఇక బిడ్డ సామాను దుకాణాల వైపు పోకండి. ఉతికిన మెత్తటి పాత నూలు చీరలు పొత్తిగుడ్డలకు చాలు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. టీకాలు సబ్ సెంటర్‌లో ఉచితం.

నిజామాబాద్ అక్క

మెదక్ అన్న మాటలు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. అన్నా, నేనన్నది అప్పు చేయమని కాదు. పిల్లను తల్లిగారింటికి పంపమనే. అది మాత్రం ఇప్పటికీ అంటాను. ఖర్చు అల్లుడు పెట్టుకుంటే తప్పు లేదు. శ్రీమంతం ఇంట్లోనే అయిదుగురు ముత్తయిదువలతో గాజులు తొడిగి చేసుకోవచ్చు.

వరంగల్ కోడలు

నేను మాత్రం ప్రభుత్వ ఆసుపత్రికి మొగ్గు చూపలేను. కానీ 9వ తేదీ పరీక్షలకు తప్పక తీసుకెళ్లు అన్నా. ఏదైనా తేడా ఉంటే అప్పుడైనా మనసు మార్చుకో.

కాబోయే నాన్న (కూకట్‌పల్లి)

అందరికీ దండం. ఇంకా నాలుగు నెలలుంది. అమ్మతో మాట్లాడాను. ఆమెకు పంపే 2,000 ఈ నాలుగు నెలలు ఆపితే 8,000 అవుతాయి. నా దగ్గర మిగిలే దానిలో నెలకు 500 ఆపితే ఇంకో 2,000. ఇంకా 2,000 తక్కువ. ఆదివారం కౌంటర్ ఓవర్‌టైం అడుగుతాను. అమ్మ మాత్రం "మీ మామ దగ్గర తక్కువవుతావు" అని ఫోన్ పెట్టేసింది. ఆ 2,000 ఆపడానికి ఒప్పుకుందో లేదో కూడా చెప్పలేదు.

నిన్న మామకు ఫోన్ చేసి, మీ అమ్మాయిని తీసుకెళ్లండి, కానీ మిత్తికి ఒక్క రూపాయి తేవద్దు, జగిత్యాల పెద్దాసుపత్రిలో చూపిద్దాం, ఖర్చు నాది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బియ్యం, పప్పు మా ఇంట్లోవే పెడతాం బిడ్డా, దానికి కూడా వద్దనకు" అన్నాడు.

ఈఎస్ఐ కార్డులో పేరు లేదు. సోమవారం సెలవు పెట్టి వెళ్తున్నాను.